ఒక మామూలు మంగళవారం

2081 నాటికి బీమా కావాలనుకున్న కుటుంబం సంతకం కంటే ముందు ఒక రోజును ఇవ్వాలి. ఇంట్లో గడిచిన ఒక మామూలు రోజును. పలాసలో ఈ పద్ధతి మొదలై పద్దెనిమిదేళ్లు దాటింది కాబట్టి ఎవరూ దాన్ని వింతగా చూడటం లేదు. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు నీళ్ల కనెక్షన్ కోసం చెప్పుకున్నట్టే బీమా కేంద్రానికీ ఒక మాట చెప్పేవాళ్లు. కేంద్రం నుంచి నీలవేణి వచ్చి గోడలకు గవ్వలు అతికించి వెళ్లేది.

అవి నిజం గవ్వలు కావు. బొటనవేలి గోరంత సెన్సర్లు. మాటలు, అడుగులు, పొయ్యి వేడి, కూర వాసన, తలుపు తీసిన చప్పుడు, అన్నిటినీ పట్టుకుంటాయి. నెల రోజులు గోడమీద ఉంటాయి గాని, అందులో ఒక్క రోజునే రికార్డు చేస్తాయి. అది ఏ రోజో యంత్రమే ఎంచుకుంటుంది. ఇంటివాళ్లకు చెప్పదు, నీలవేణికీ చెప్పదు. చూస్తున్నారని తెలిస్తే మనుషులు మామూలుగా ఉండరు కదా అని దాన్ని తయారుచేసిన డాక్టర్ విమలాక్షి ఆ ఏర్పాటు పెట్టింది.

యంత్రం పేరు లోటుదర్శిని. కేంద్రం వెనక ఒక గుండ్రటి గది ఉంది, జనం దాన్ని లోటుగది అంటారు. కుటుంబం ఆ గది మధ్యలో నిలబడితే వాళ్ల ఇల్లే చుట్టూ లేస్తుంది. నెల కిందటి వాళ్ల రోజు నిలువెత్తున నడుస్తుంది. ఆ తర్వాత యంత్రం ఇంట్లోంచి ఒక మనిషిని తీసేసి, అదే రోజును సిమ్యులేషన్‌లో మళ్లీ నడుపుతుంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోతుంది. బడి బండి వాకిట్లో ఆగి, హారను కొట్టి, వెళ్లిపోతుంది. ముసలివాళ్ల మాత్ర డబ్బాలోనే ఉండిపోతుంది. అలా ఆ మనిషి లేకపోవడం వల్ల ఇంట్లో ఏమేం ఆగిపోతాయో గంటల్లో, శ్రమలో, సంపాదనలో లెక్క తేల్చి, ఎవరిమీద ఎంత బీమా ఉండాలో యంత్రం చెబుతుంది.

నీలవేణి పని ఆ తర్వాతే మొదలయ్యేది. యంత్రం చెప్పిన అంకెను ఇంటి భాషలోకి మార్చాలి. "ఉన్న జబ్బు దాచకండి, దాస్తే రేపు ఏడ్చేది మీవాళ్లే. పొదుపు వేరు, బీమా వేరు, రెండూ ఒకే సంచిలో వెయ్యకండి. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో నామినీగా అమ్మ పేరే ఉండిపోయిందేమో చూసుకోండి. బిడ్డ పుడితే ఒకసారి నా దగ్గరికి రండి." ఈ మాటలు ఆమె నోటికి వచ్చేసిన పాఠం. ఆమె తాత కూడా ఈ పనే చేశాడట. ఆ రోజుల్లో ఏజెంటు చేతిసంచితో ఇల్లిల్లూ తిరిగి, ఇచ్చిన మజ్జిగ తాగి, ఎవరైనా మంచినీళ్లు అడిగితే ఇంట్లో ముందుగా లేచేదెవరో చూసేవాడట. బీమా ఎవరికి ఎక్కువ ఉండాలో అక్కడే తెలిసిపోతుందనేవాడట.

పోలారావు ఇంటికి గవ్వలు అతికించింది కూడా నీలవేణే. అతను జీడిపప్పు ఫ్యాక్టరీలో మరమనుషుల వరసకు మేస్త్రీ. ఇంట్లో భార్య గౌరి, పదేళ్ల కూతురు తులసి, గౌరి తల్లి పారమ్మ. ఆ నలుగురూ లోటుగదిలో నిలబడ్డ రోజు నీలవేణికి బాగా గుర్తు. పోలారావును తీసేసి చూపిస్తే ఇల్లు కొంచెం కుంటింది గాని నడిచింది. గౌరిని తీసేసి చూపిస్తే పొద్దున్న ఎనిమిది గంటలకే చతికిలబడిపోయింది. పెద్ద పాలసీ గౌరి మీదే ఉండాలని యంత్రం చెప్పింది.

"సంపాదించీది నానైతే ఆవిడి మీదేటి బీమా?" అన్నాడు పోలారావు చిన్నబోయి.

"సూసినావా," అంది గౌరి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. "నువ్వు నేకపోతే ఇంట్ల తగ్గీది గురకొక్కటే."

ఆ తర్వాత రెండేళ్లకు, ఒక తెల్లవారుజామున గుండె ఆగి గౌరి పోయింది.

నామినీ పోలారావు. ఒక్క సంతకం పెడితే పరిహారం వచ్చేస్తుంది. ఏడాదిలోగా పెట్టాలి. కాని చట్టంలో ఇంకో మాట కూడా ఉంది. పరిహారం చెల్లించిన మర్నాడు ఆ ఇంటి మామూలు రోజును చెరిపేయాలి. పూర్వం కొన్ని కంపెనీలు జనం రోజుల్ని దాచుకుని, వాళ్ల అలవాట్లు చూసి సరుకులు అమ్మడం మొదలుపెడితే, దాన్ని ఆపడానికి వచ్చిన చట్టం అది. మంచి చట్టమే. సంతకం పెట్టేదాకా మాత్రం నామినీకి సరిచూసుకునే హక్కు ఉంటుంది. ఎన్నిసార్లయినా లోటుగదికి వచ్చి ఆ రోజును కావలసిన చోటికి జరుపుకుని చూసుకోవచ్చు.

పోలారావు ప్రతి మంగళవారం వచ్చేవాడు. ఫ్యాక్టరీ సెలవు మంగళవారం. గౌరి రికార్డయిన రోజూ మంగళవారమే. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్లి, రెండు మూడు గంటల తర్వాత బయటికి వచ్చేవాడు. నీలవేణి కాగితం ముందుకు జరిపేది. అతను దాన్ని చూసి, "వచ్చే వారం సూద్దామమ్మా," అనేవాడు.

అలా పదకొండు నెలల మీద ఇరవై రోజులు గడిచాయి. ఇంకో పది రోజులుంటే గడువు దాటిపోతుంది.

నీలవేణికి పట్టుకున్న భయం పారమ్మ గురించి. కూతురు పోయిన నెలకే ఆమె జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గాని కాళ్లలో సత్తువ పోయింది. కాళ్లను కదిలించే నడక చట్రం తొడిగి ఈ వానాకాలంలోగా నడిపించకపోతే కండ చచ్చుబడిపోతుందని, ఆ తర్వాత చట్రం ఉన్నా లాభం లేదని డాక్టరు చెప్పాడు. చట్రం ఖరీదు పోలారావు జీతానికి అందేది కాదు. గౌరి పాలసీకి సులువుగా అందుతుంది.

నీలవేణి వాళ్లింటికి వెళ్లి పారమ్మ మంచం పక్కన కూర్చుంది.

"మీరైనా మీ అల్లుడికి చెప్పండి మామ్మా. సంతకం పెడితే మీరు మళ్లీ లేచి తిరుగుతారు."

"తిరిగి ఏటి సేస్తానే తల్లీ," అంది పారమ్మ. "నా గుంటని ఇంకోపాలి సంపీసి, ఆ డబ్బుతోటి నాను నడవాలా?"

"చంపడం కాదు మామ్మా, అది బొమ్మ."

"నీకు బొమ్మే. ఆడు మంగళారం మంగళారం ఒచ్చి, మా గౌరి నీలం సీర కట్టిందనీ, పప్పు వొండిందనీ మళ్లీ మొదట్నించీ సెప్తాడు. నాను ఆ గదికి రానేను కదా. ఆడి కళ్లతోటే సూస్తన్నాను. ఆడి సేత సంతకం ఎట్టించకు."

నీలవేణి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

పోలారావు ఒక్కడే కాదు. ఆ కేంద్రంలో సంతకం పెట్టని కుటుంబాలు నలభై ఒకటి ఉన్నాయి. డబ్బు అవసరం లేక కాదు. లోటుదర్శినిలో ఏదో లోపం ఉందనీ, అది జనాన్ని బెదరగొట్టి కొయ్యబారుస్తోందనీ పై ఆఫీసు అనుకుంది. విశాఖ నుంచి డాక్టర్ విమలాక్షిని పంపింది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. సన్నగా, నిటారుగా ఉంటుంది. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మొహం కాకుండా చేతులు చూస్తుంది.

"ఎవరైనా ఒకరు తమ రోజును నన్ను చూడనిస్తే చాలు. ఇంటివాళ్లు ఒప్పుకోకుండా చూసే హక్కు నాకు కూడా లేదు," అంది ఆమె.

పోలారావు తల గోక్కుని, "రండమ్మా," అన్నాడు. "మాయింటిదానికి సుట్టాలొస్తే సరదాయే."

ముగ్గురూ లోటుగదిలో నిలబడ్డారు. చుట్టూ ఇల్లు లేచింది. తడి గచ్చు వాసన వచ్చింది. గౌరి నీలం చీర కట్టుకుని, పొయ్యి ముందు నిలబడి ఉంది.

"ఆవాలు రెండో డబ్బాలో ఉన్నాయి," అంది గౌరి ఎవరితోనో కాదు, ఊరికే. "మినపప్పు దాని ఎనకాల. పప్పు ఉడికినాకే ఉప్పు. ముందేస్తే ఉడకదు." తులసి జడ వేస్తూ, "మూడు పాయలూ సమానంగా తీసుకోవాల. ఎడం పక్క జుట్టు తక్కువుంటాది, అక్కడ వదులుగా లాగాల," అంది. తల్లి కాళ్లకు నూనె రాస్తూ, మడమ దగ్గర్నించి పైకి రాయాలంది. సాయంత్రం దాకా అలాగే, చేసే ప్రతి పనినీ పైకి చెప్పుకుంటూ తిరిగింది. బీమా కాగితం బియ్యం డబ్బా మీది అరలో, కవరులో ఉందని కూడా చెప్పింది.

విమలాక్షి చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎవరూ రోజంతా ఇలా మాట్లాడుకోరు," అంది చివరికి. "ఈమెకు తెలుసు. రికార్డు అవుతోందని తెలుసు."

"తెలుసండి," అన్నాడు పోలారావు. "మా ఈధిల ఆడోలందరికీ తెలుసు."

"ఎలా తెలుస్తుంది? యంత్రం ఎవరికీ చెప్పదు."

"బల్లి సెప్తాదండి. రికార్డు జరిగీ రోజున ఆ గవ్వ కాస్త ఎచ్చబడతాది. మన సేతికి తెలీదు. బల్లికి తెలుస్తాది. పొద్దున్నే ఒచ్చి దాని మీద ఎక్కి పడుకుంటాది. అదిగో, ఇయ్యాలే అనుకుంటారు ఆడోలు. మాకు సెప్పరండి. గౌరి పోయినాక మాయత్త సెప్పింది."

నీలవేణి విమలాక్షి వంక చూడలేక నేల చూసింది. పద్దెనిమిదేళ్లు, కొన్ని వేల ఇళ్లు. విశాఖలో యంత్రాన్ని పరీక్షించిన ప్రయోగశాల ఎప్పుడూ చల్లగా ఉండేది. అక్కడ బల్లులు లేవు.

విమలాక్షి మాత్రం నవ్వింది. "నా ఏర్పాటంతా బల్లి తిరగేసిందన్న మాట. అయితే మీరు ఇక్కడికి వంట నేర్చుకోడానికి వస్తున్నారా?"

"మొదట్ల అందుకేనండి. జడ నేర్సుకోడానికి నెల పట్టింది. పప్పు బేగి ఒచ్చీసింది. నూనె రాయడం, మాత్రలు, అన్నీ నాలుగు నెల్లల్ల అయిపోనాయి."

"మరి ఆ తర్వాత?"

పోలారావు గుమ్మం వైపు చెయ్యి చూపాడు. రోజు సాయంత్రంలోకి జరిగింది. పనులన్నీ అయిపోయాయి. గౌరి వచ్చి గుమ్మంలో కూర్చుంది. బయట సన్నగా తుప్పర పడుతోంది. ఇప్పుడు ఆమె ఏమీ చెప్పడం లేదు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని వీధిలోకి చూస్తోంది. కాసేపటికి కాలి మీద దోమను కొట్టుకుంది. రోజులోని పోలారావు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఒక సైకిల్ వెళ్లింది. గౌరి దాన్ని మలుపు దాకా చూసింది.

"ఇదండి," అన్నాడు గదిలోని పోలారావు. "దీని కోసమే వస్తన్నాను. మిగిలిందంతా మా కోసం సేసింది. ఇక్కడే గౌరి గౌరిలాగున్నాది."

అతను వెళ్లిపోయాక విమలాక్షి యంత్రం ముందు కూర్చుంది. నీలవేణి టీ తెచ్చి పెట్టింది.

"సంతకం పెట్టని నలభై ఒక్క కుటుంబాలు మళ్లీ మళ్లీ చూసిన భాగాలేవి?" అని అడిగింది విమలాక్షి. "ఏ ఇంటి రోజునూ తెరవకు. చూసిన సమయాల పట్టిక చాలు."

"ఒక్కో కుటుంబం ఒక్కో భాగాన్ని చూసింది," అంది యంత్రం. దాని గొంతు బడి పంతులమ్మ గొంతులా నిదానంగా ఉంటుంది. "అన్నిటిలో ఉమ్మడిగా ఉన్నది ఒకటే. అవన్నీ నేను సున్నా విలువ వేసిన నిమిషాలు."

"సున్నా ఎందుకు వేశావు?"

"ఆ నిమిషాల్లో ఆ మనిషిని తీసేసి చూశాను. ఇంట్లో ఏదీ ఆగలేదు. ఏదీ పాడవలేదు. లోటు లేదు."

విమలాక్షి టీ గ్లాసును రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది.

"ఆ సూత్రం నేనే రాశాను," అంది నీలవేణితో. "అప్పుడు నాకు యాభై ఏళ్లు. మా నాన్న బతికే ఉన్నాడు. సాయంత్రమైతే పేపరు మొహం మీద వేసుకుని పడకకుర్చీలో పడుకునేవాడు. ఆయన వల్ల ఇంట్లో ఏం జరిగేదని అడిగితే ఏమీ లేదు. ఈ యంత్రాన్ని అడిగితే సున్నా అనే చెబుతుంది. ఇప్పుడు మా ఇంట్లో ఆ కుర్చీ ఉంది. నేను దాన్లో కూర్చోను."

నీలవేణికి మాటలు ఆలస్యంగా వస్తాయి. చిన్నప్పటి నుంచి అంతే, బడిలో కూడా అందరూ జవాబులు చెప్పేశాక ఆమె చెయ్యి ఎత్తేది. ఆ సాయంత్రం ఇంటికి పోకుండా చట్టం పుస్తకం తీసి, చెరిపివేత నిబంధనను నెమ్మదిగా మూడుసార్లు చదివింది. మర్నాడు ఉదయం విమలాక్షి రైలుకు బయల్దేరుతుంటే ఆపింది.

"మేడంగారూ, చెరపాల్సింది మొత్తం రోజును కాదండి. పరిహారానికి ఆధారమైన భాగాన్ని చెరపమంటోంది చట్టం. కంపెనీ దేనికి విలువ కట్టిందో దాన్నే. సున్నా వేసిన నిమిషాలు దేనికీ ఆధారం కాదు. అవి ఇంటివాళ్లవే."

విమలాక్షి సంచి కింద పెట్టింది. ఆమె కూడా చదివింది. తర్వాత పై ఆఫీసుకు ఫోన్ చేసి గంటన్నర మాట్లాడింది. అవతలివాళ్లు, పనికిరాని నిమిషాలే కదా, ఇచ్చేయండి అన్నారు.

గడువుకు మూడు రోజుల ముందు పోలారావు సంతకం పెట్టాడు. మర్నాడు ఆవాల డబ్బా, జడ, నూనె, పప్పు అన్నీ చెరిగిపోయాయి. అవి అప్పటికే అతని చేతుల్లోకి వచ్చేశాయి. మిగిలిన, గుమ్మంలో కూర్చున్న పదకొండు నిమిషాలను నీలవేణి బొమ్మ ఆడే ఒక చిన్న పలకలో పెట్టి వాళ్లింటికి తీసుకెళ్లి, పారమ్మ మంచం ఎదురుగా గోడకు ఆనించింది.

పారమ్మ చాలాసేపు చూసింది. "దోమలు కుట్టేస్తన్నాయి దాన్ని," అంది. ఆషాఢం వెళ్లేసరికి నడక చట్రం తొడుక్కుని వాకిటి దాకా వచ్చింది.

మిగతా నలభై కుటుంబాలూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి సంతకాలు పెట్టాయి. నీలవేణికి పై ఆఫీసు మెప్పు కాగితం పంపింది. కథ అక్కడితో అయిపోయిందనే ఆమె అనుకుంది.

మరుసటి ఏడు చలికాలంలో, ఒక మధ్యాహ్నం యంత్రం ఆమెను పిలిచింది.

"నీలవేణిగారూ, గవ్వల్లో లోపం ఉందని అనుమానంగా ఉంది. ఈ మూడు నెలల్లో వచ్చిన రోజుల్లో పని బాగా తగ్గిపోయింది. ఉదాహరణకు ఈ ఉదయం వచ్చిన ఇంటి రోజును చూడండి. సలహాదారు చూడవచ్చని ఇంటివాళ్లు అనుమతి ఇచ్చారు."

నీలవేణి గదిలోకి వెళ్లింది. అది రైల్వే గేటు దగ్గర, పోలారావు వాళ్ల వీధిలోనే, సుందరి అనే ఆమె ఇల్లు. ఆమె, భర్త, ఇద్దరు పిల్లలు, మామగారు. పొద్దున్నే చద్దన్నం తిన్నారు. తర్వాత చాప పరిచి ఐదుగురూ కూర్చున్నారు. పిల్లలు బడికి వెళ్లలేదు. భర్త పనికి వెళ్లలేదు. ఎవరో నవ్వారు, ఎందుకో తెలియదు. చిన్నది తాత ఒళ్లో నిద్రపోయింది. ఎండ చాప మీది నుంచి గోడ మీదికి పాకింది. సాయంత్రం దాకా ఇంట్లో ఎవరూ ఏ పనీ చెయ్యలేదు.

ఆ రోజే ఆమె రైల్వే గేటు దగ్గరికి నడిచి వెళ్లింది. సుందరి గిన్నెలు తోముతోంది.

"ఏంటమ్మా ఇది? ఆ ఒక్క రోజూ పనులు చేసుకోండి తల్లీ. లేకపోతే రేపు జరగరానిది జరిగితే మీకు పైసా రాదు."

సుందరి తోమిన గిన్నెను బోర్లించింది. "బల్లి ఎక్కిన రోజు పని సేస్తే అది మీరు తుడిసీస్తారు కదమ్మా," అంది. "కూకుంటే మాకుంటాది. పోలారావు బాబు ఇంట్ల సూసినాం. ఈధి ఈధంతా సూసింది."

"మరి డబ్బు?"

"డబ్బుకి మిగతా ఇరవైతొమ్మిది రోజులూ సేస్తన్నాం కదా. అయి రాసుకోండి. ఒచ్చి సూసి రాసుకోండి, ఎవులొద్దన్నారు? కూకోండి, మజ్జిగ తెస్తాను."

మజ్జిగ తాగి నీలవేణి కేంద్రానికి తిరిగి వచ్చింది. వచ్చేటప్పటికి యంత్రం సిమ్యులేషన్ పూర్తి చేసింది. సుందరిని తీసేసి చూసింది. భర్తను తీసేసి చూసింది. ముసలాయనను, పిల్లల్ని, ఒక్కొక్కరినే తీసేసి చూసింది.

"ఈ ఇంట్లో ఎవరు లేకపోయినా ఏదీ ఆగదు," అంది. "లోటు సున్నా. ఈ కుటుంబానికి బీమా అవసరం లేదని నా సలహా. ఈ వీధిలో ఇంకో పద్నాలుగు ఇళ్లకూ ఇదే సలహా ఇవ్వాల్సి వస్తుంది."

ఫారం అడుగున సలహాదారు అభిప్రాయం అని ఒక గడి ఉంటుంది. యంత్రం వచ్చినప్పటి నుంచి దాన్ని ఎవరూ నింపలేదు. నీలవేణి దాన్ని తెరిచింది.

"యంత్రం సలహాను మారుస్తున్నారా?" అని అడిగింది యంత్రం. "ఆధారం ఏమని రాయాలి?"

"ఇంటికి వెళ్లి చూశాను అని రాయి. రేపటి నుంచి మిగతా ఇళ్లకూ వెళ్తాను."

"ఎవరి లోటు ఎంతని రాయాలి?"

గదిలో సుందరి ఇల్లు ఇంకా వెలుగుతూనే ఉంది. చాప మీద ఐదుగురూ ఊరికే కూర్చుని ఉన్నారు. నీలవేణి వాళ్లను ఒక్కొక్కరినే చూసింది.

"అందరిదీ," అంది. "పూర్తిగా రాయి."